సికింద్రాబాద్ బ్రిగేడ్, లెవీ ధాన్యం
(సికింద్రాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ప్రపంచ యుద్ధాలకున్న చారిత్రక ప్రాధాన్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సారయేవోలో పేలిన పిస్తోలు, వెర్సాయ్ సంధి, హిట్లర్, హిరోషిమా, ఐక్యరాజ్య సమితి, ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉన్నవే. ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి క్లాసులో కూర్చున్నవాళ్ళకు తేదీలతో సహా గుర్తుండి ఉంటాయి. ఆయనకో అలవాటుండేది. ఏ యుద్ధం పాఠమైనా, ఎవరు గెలిచారో పిల్లలు చెప్పాక, "సరే, ఖర్చెవరిదిరా?" అని అడిగేవారు. ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా పేజీ తిప్పేవారు కాదు. ఇవాళ నేను ఆ ప్రశ్ననే పట్టుకుంటాను. యూరప్ సంగతి యూరప్ వాళ్ళు బోలెడంత రాసుకున్నారు. మనం మన ఊరి నుంచి మొదలుపెడదాం.

మన ఊరు పుట్టిందే ఫౌజు కోసం. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. జీతాల భారం నిజాంది, హుకుం కంపెనీది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ దండుకు సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. బొల్లారం, తిరుమలగిరి, పికెట్, మారేడ్‌పల్లి అన్నీ ఆ దండు చుట్టూ అల్లుకున్నవే. సిపాయికి రొట్టె కాల్చేవాడు, బట్టలుతికేవాడు, గుర్రానికి గడ్డి కోసి తెచ్చేవాడు, సారా అమ్మేవాడు కలిస్తే ఊరైంది. కాబట్టి 1914 ఆగస్టులో యూరప్‌లో యుద్ధం మొదలైందన్న వార్త ఇక్కడికి దూరదేశపు కబురులా రాలేదు. నేరుగా హుకుంగా వచ్చింది.

అప్పుడు ఇక్కడున్న గుర్రపు దళం పేరే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. అందులో మూడు రెజిమెంట్లు: తెల్లవాళ్ళ 7వ డ్రాగూన్ గార్డ్స్, 20వ దక్కన్ హార్స్, 34వ పూనా హార్స్. అక్టోబరు కల్లా ఇవి ఫ్రాన్స్‌లోని మార్సేల్స్ రేవులో దిగాయి. కొద్ది వారాల్లోనే గుర్రాలను వెనక వదిలి, రైఫిళ్ళు పట్టుకుని బురద కందకాల్లోకి దిగాల్సొచ్చింది. నవంబర్ 24న ఫెస్టుబెర్ దగ్గర పూనా హార్స్ లెఫ్టినెంట్ ఫ్రాంక్ డి పాస్ కాల్పుల మధ్యకు వెళ్ళి గాయపడ్డ సిపాయిని మోసుకొచ్చాడు. మర్నాడే చనిపోయాడు. అతని పేర విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఈ బ్రిగేడ్ చరిత్రలో నేను కాస్త ఆగాలనుకునే రోజు 1916 జులై 14. సోమ్ యుద్ధం మొదలై రెండు వారాలైంది. ఆ తెల్లవారుజామున బ్రిటిష్ కాల్బలం బాజెంటిన్ గుట్ట మీద జర్మన్ల వరసను ఛేదించింది. ముందున్న హై వుడ్ అనే అడవి కొన్ని గంటల పాటు దాదాపు ఖాళీగా ఉంది. కమాండర్లు ఏళ్ళ తరబడి కలలుగన్న అదను అది, గుర్రాలను వదలాల్సిన సమయం. కానీ గుర్రాలు మైళ్ళ వెనక ఉన్నాయి. మధ్యలో ఫిరంగిగుండ్లు తవ్విన గుంతలు, పాత కందకాలు, ముళ్ళతీగలు. పొద్దున బయల్దేరమంటే చేరేసరికి సాయంత్రం ఏడు దాటింది. అప్పటికి జర్మన్లు అడవిలోకి మళ్ళీ వచ్చేశారు. అయినా దక్కన్ హార్స్, డ్రాగూన్ గార్డ్స్ బల్లేలు ముందుకు చాచి, ఎదిగిన పంటచేను తొక్కుకుంటూ దూకాయి. చేనులో దాక్కున్న జర్మన్లు కొందరు బల్లెం పోటుకు చచ్చారు, కొందరు చేతులెత్తారు. మరతుపాకుల ముందు బల్లెం! పైనుంచి చూస్తున్నవాళ్ళకు ఏ అక్బర్ కాలపు బొమ్మో కళ్ళముందు ఆడినట్టుండి ఉంటుంది. రాత్రంతా ఆ చేల గట్లమీద కాపలా కాసి, తెల్లారకముందే వెనక్కి రమ్మంటే వచ్చేశారు. సుమారు వందమంది సైనికులు, అంతకు మించి గుర్రాలు దెబ్బతిన్నాయి. ఆ అడవి బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కింది సెప్టెంబర్ 15న, రెండు నెలల తర్వాత.

ఆ రోజు కార్నాయ్ లోయలో వరసగా నిలబడ్డ దక్కన్ హార్స్ ఫొటోలు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. తలపాగాలు, బల్లేలు, ఎండకు మిలమిలలాడే గుర్రాల వీపులు. ఫొటో తీసే నిమిషానికి వాళ్ళు చేస్తున్న పనేమిటో తెలుసా? ఎదురుచూడటం. వాళ్ళ యుద్ధంలో అధిక భాగం అదే. ముందువరస ఎప్పుడు విరుగుతుందా, తమను ఎప్పుడు పిలుస్తారా అని జీను వేసిన గుర్రాల పక్కన నిలబడి నెలలకు నెలలు గడపడం. 1918లో వాళ్ళను పాలస్తీనాకు పంపాక గానీ గుర్రాలకు పరిగెత్తే నేల దొరకలేదు.

ఇంతకీ వాళ్ళెవరు? ఊరి పేరు సికింద్రాబాద్ గనక మనవాళ్ళే అనుకుని పొంగిపోవడం తేలిక. ఈ పొరపాటు వేదికల మీద చాలాసార్లు విన్నాను. దక్కన్ హార్స్‌లో ఉన్నది సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. తెలుగువాళ్ళకు బల్లెం ఇవ్వలేదు. దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనానులు కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధవీరులని, దక్షిణాది సిపాయి పనికిరాడని తేల్చేశారు. కర్ణాటక యుద్ధాల నుంచి కంపెనీకి రాజ్యం సంపాదించిపెట్టిన మద్రాసు పటాలాల్లో తెలుగు సిపాయిలు ఎంతోమంది ఉండేవారు. ఆ పటాలాలను ఒక్కొక్కటిగా తీసేశారు. రాజ్యం వచ్చాక సిపాయి ఒంట్లో రక్తం నీరైపోయిందన్నమాట! ఇంతకంటే దొరతనపు తర్కం ఇంకొకటి చూపించండి.

అయినా తెలుగువాళ్ళు లేని యుద్ధం కాదది. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్‌లో ఉన్నారు. మెసపొటేమియాలో టైగ్రిస్ నది మీద వంతెనలు కట్టడానికి వెళ్ళిన దళాలవి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఆ యుద్ధానికీ, తర్వాతి యుద్ధానికీ వెళ్ళినవాళ్ళ వల్లనే దానికి మిలిటరీ మాధవరం అన్న పేరు స్థిరపడింది. ఇక గుర్రాల సేవకులు, బండి తోలేవాళ్ళు, వంటవాళ్ళు, ఆసుపత్రిలో డోలీ మోసేవాళ్ళు ఉండనే ఉన్నారు. సైన్యం లెక్కల్లో వాళ్ళు సైనికులు కారు, ఫాలోయర్లు. జీతం తక్కువ, పతకం అరుదు, చస్తే పింఛను కోసం పోరాటం.

పంజాబీలు, పఠాన్లు, రాజపుత్రులు, గర్వాలీలు ఫ్రాన్స్ నుంచి, బ్రైటన్ ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరాల్లోని మాటలు ఇవాళ మనకు వేల సంఖ్యలో దొరుకుతున్నాయి. ఎందుకంటే సైన్యం సెన్సారు ఆఫీసు ఆ ఉత్తరాలు విప్పి చదివి, ముఖ్యమైనవి తర్జుమా చేయించి పెట్టింది. సర్కారుకు అనుమానం ఉన్నచోట చరిత్రకు సాక్ష్యం మిగిలింది. మన గుర్రాలవాణ్ణి అనుమానించే అవసరం ఎవరికీ రాలేదు, కాబట్టి అతని మాట మనకు దక్కలేదు. ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్ దగ్గర 1927లో ఆవిష్కరించిన భారత సైనిక స్మారకం మీద 4,700కు పైగా పేర్లు చెక్కారు. మొత్తం ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయులు సుమారు 74,000. రెండో యుద్ధంలో సుమారు 87,000.

మనుషుల సంగతి ఇది. ఇక డబ్బు.

1914 నవంబర్‌లో తుర్కీ జర్మనీ పక్షాన చేరింది. తుర్కీ సుల్తాన్ ముస్లింలకు ఖలీఫా. బ్రిటిష్‌వాళ్ళ గుండెల్లో రాయి పడింది. వాళ్ళ సైన్యంలో ముస్లిం సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అప్పుడు ఇరవైల్లో ఉన్న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ముస్లింలంతా బ్రిటిష్ సర్కారుకే విధేయులై ఉండాలని ప్రకటన చేశాడు. ఖజానా తెరిచాడు. హైదరాబాద్ లాన్సర్లను ఈజిప్టుకు పంపాడు. ఆయన సొమ్ముతో సమకూరిన డీహెచ్9ఏ బాంబర్లతో రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ 1918లో జర్మనీ నగరాల మీద బాంబులు వేసింది. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. వాటిలో ఒక విమానం, నంబరు ఎఫ్1010, ఇంకా ఉంది. 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కితే వాళ్ళు బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బాంబులకు భయపడి తూర్పుకు తరలిస్తే పోలండ్‌లో తేలింది. 1977లో బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకు చేరింది. దాని ఒంటి మీద నిజాం కానుక అన్న రాత, హైదరాబాద్ నంబర్ 12ఏ అన్న గుర్తు ఉన్నాయి. నిజాం ఖజానా అంటే ఏమిటి? భూమిశిస్తు. మెదక్ రైతు, నల్గొండ రైతు కట్టిన శిస్తు రెక్కలు తొడుక్కుని రైన్ నది మీద ఎగిరిందని నేనంటే అతిశయోక్తి అనుకోకండి.

దీనికి ప్రతిఫలంగా 1918లో నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు, 'బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు' అన్న గౌరవం దక్కాయి. దేశంలో మరే సంస్థానాధీశుడికీ ఆ హోదా లేదు. ప్రజలకు దక్కింది కాగితం. యుద్ధం మూలంగా వెండి దొరక్కపోతే, 1918లోనే హైదరాబాద్ సంస్థానం సొంత నోట్లు అచ్చువేసింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. వెండి రూపాయిని రాతి మీద మోగించి చూసుకునే రైతు చేతిలో మొదటిసారి కాగితం పెట్టారు. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశం మొత్తంలో కోటికి మించి పోయారు. గుర్రాలతో, ఓడలతో, రైళ్ళతో తిరిగిన సైన్యాలే దాన్నీ తిప్పాయి.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పి ముందుకు వెళ్తాను. 1918 సెప్టెంబర్‌లో పాలస్తీనాలో జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో కలిసి హైదరాబాద్ లాన్సర్లు తుర్కీ సైన్యం మీదికి వెళ్ళారు. 23న హైఫా పట్టుకున్నది మైసూర్, జోధ్‌పూర్ వాళ్ళు. మనవాళ్ళకు ఆ రోజు ఖైదీలను వెనక్కి తోలుకెళ్ళే పని పడింది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో 1922లో నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. ఓడిన తుర్కీ సామ్రాజ్యం ముక్కలైంది. 1924లో ఖలీఫానే దేశం నుంచి పంపేశారు. అప్పుడు ఫ్రాన్స్‌లో తలదాచుకున్న ఆ ఖలీఫాకు నెలనెలా డబ్బు పంపింది ఎవరనుకున్నారు? మన నిజామే. 1931లో నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ను పెద్ద కొడుక్కి, ఆ ఇంటి ఆడపిల్ల నిలోఫర్‌ను చిన్న కొడుక్కి చేసుకున్నాడు. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి పసివాణ్ణి ఎత్తుకుని పరుగెత్తే తల్లికి, ఆ ఆసుపత్రి పేరు వెనక ఒక ప్రపంచ యుద్ధం, కూలిపోయిన ఒక సామ్రాజ్యం ఉన్నాయని తెలియాల్సిన పని లేదు. మనకు తెలిసుండాలి.

రెండో యుద్ధానికి వద్దాం. 1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సేనలు మలయా తూర్పు తీరంలో కోటా భారు దగ్గర దిగాయి. పెర్ల్ హార్బర్ మీద మొదటి బాంబు పడటానికి గంటకు పైగా ముందే. అంటే పసిఫిక్ యుద్ధం మొదలైన చోటు అది. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం పంపిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ. చీకట్లో వర్షంలో ఆ పటాలం చెదిరిపోయింది. దాని అధిపతి కల్నల్ హెండ్రిక్స్ అక్కడే చనిపోయాడు. చరిత్ర పుస్తకాలు పెర్ల్ హార్బర్‌కు అధ్యాయాలు ఇచ్చి కోటా భారుకు ఒక వాక్యం ఇస్తాయి. ఆ వాక్యంలో హైదరాబాద్ ఉంది. అదే యుద్ధంలో అటువైపున కూడా హైదరాబాద్ ఉంది. 1943 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్ జర్మనీ నుంచి యూ-180 జలాంతర్గామిలో బయల్దేరితే వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన ఆబిద్ హసన్ సఫ్రానీ. హిందూ మహాసముద్రం నడుమ రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు ఇద్దరూ. 'జై హింద్' నినాదం ఆబిద్ హసన్ ఇచ్చిందేనంటారు.

కానీ నన్నడిగితే ఆ యుద్ధం మనకు చేసిన అసలు పని జలాంతర్గాముల్లో లేదు, నల్గొండ, వరంగల్ కల్లాల్లో ఉంది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. బర్మా బియ్యం ఆగిపోయింది. రంగూన్ వెళ్ళిన తీరాంధ్ర కూలీలు అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవారు రాలిపోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మరుసటి ఏడు బెంగాల్ కరువు సుమారు 30 లక్షల మందిని మింగింది. సైన్యానికీ, పట్టణాలకూ తిండి కావాలి. నిజాం సర్కారు లెవీ పెట్టింది.

లెవీ అంటే కాగితం మీద సబబుగానే కనపడుతుంది. ఎన్ని ఎకరాలు సాగు చేశావో చూసి ఇంత ధాన్యం సర్కారు ధరకు అప్పగించాలి. ఎవరు చూస్తారు? పటేలు, పట్వారీ. వాళ్ళు ఎవరి మనుషులు? గడీలో ఉన్న దేశ్‌ముఖ్ మనుషులు. వేల ఎకరాల దొర భూమి రికార్డులో బీడుగా మారేది. దొర మీద పడాల్సిన లెవీ నాలుగెకరాల రైతు నెత్తిన పడేది. పంట పండిందా ఎండిందా అన్న ప్రశ్న లేదు. గిర్దావరు వచ్చి కల్లంలో కూర్చుంటే ఇంట్లో విత్తనాలకు దాచిన గింజలు కూడా తూకం మీదికి ఎక్కేవి. ఇవ్వకపోతే చావడి ముందు ఎండలో వంగబెట్టి వీపున రాయి. రాత్రిళ్ళు మట్టి తవ్వి పాతరేసి దాచుకునేవారు. దొర ధాన్యం మాత్రం గాదెల్లో నిలవుండి నల్లబజారు ధర కోసం చూస్తుండేది. వెట్టి ఎప్పటి నుంచో ఉంది, జనం పళ్ళు బిగించి భరించారు. లెవీతో ఆ భరించే శక్తి అయిపోయింది, ఎందుకంటే వెట్టి చాకలి, మంగలి, మాదిగ, కుమ్మరుల మీద పడితే, లెవీ కాపును కూడా అదే వరసలో నిలబెట్టింది. ఇది నా లెక్కలో ఆ యుద్ధం తెలంగాణలో చేసిన అతిపెద్ద మార్పు. గ్రామంలో ఎన్నడూ ఒక పక్షాన నిలవని కులాలకు ఉమ్మడి శత్రువును చూపించింది.

1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు. సంఘం ఊరూరికీ పాకింది. విచిత్రమేమంటే, ఆ సంఘాన్ని నడిపిన కమ్యూనిస్టులు అదే సమయంలో ఫాసిజానికి వ్యతిరేకంగా జరుగుతున్నది ప్రజాయుద్ధమని, మిత్రరాజ్యాలను గెలిపించాలని ప్రచారం చేస్తున్నారు. యుద్ధం గెలవాలి, యుద్ధం పేరుతో జరిగే దోపిడీ పోవాలి. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం వాళ్ళకెంత కష్టమయ్యిందో ఊహించుకోవచ్చు. రైతుకు మాత్రం రెండో మాటే వినపడింది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాలను ఎదిరించి చాకలి ఐలమ్మ తన పంటను ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. అప్పటికి యుద్ధం ముగిసి పది నెలలు. బెర్లిన్, టోక్యోల్లో ఆగిన తుపాకులు ఇక్కడ మొదలయ్యాయి.

పట్నం వైపు యుద్ధం ఇంకో ముఖం చూపించింది. దిగుమతులు ఆగితే యంత్రాలు ఇక్కడే చేసుకోవాల్సొచ్చింది. 1942లో ఆల్విన్, 1943లో మన కవాడిగూడలో ప్రాగా టూల్స్ పుట్టాయి. బేగంపేటలో పైలట్లకు తొలి పాఠాలు నేర్పే బడి నడిచింది. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది, యుద్ధంలో మిగిలిన డకోటాలు ప్రయాణికుల్ని మోశాయి. ఈ సభలో కూర్చున్న వాళ్ళలో ప్రాగా జీతంతో చదువుకున్న పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. యుద్ధానికి రుణపడ్డామని అనను, కానీ ఆ పద్దు కూడా రాసి పెట్టాలి.

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు నా జవాబు. రెండు యుద్ధాల్లో నిజాం బ్రిటిష్ స్నేహాన్ని కొనుక్కున్నాడు, ఖర్చు తన ప్రజలది. 1947 ఆగస్టు 15న బ్రిటిష్‌వాళ్ళు తమ అధిరాజ్యాన్ని చుట్టేసుకుని వెళ్ళినప్పుడు 'నమ్మకమైన మిత్రుడి'కి ఇచ్చింది శుభాకాంక్షలు. అదే సమయానికి, ఆ స్నేహానికి ధర కట్టిన పల్లెలు ఆయన పటేళ్ళను తరిమేసి రికార్డులు తగలబెడుతున్నాయి. పైన అండ లేదు, కింద నేల లేదు. రజాకార్లు ఆ ఖాళీలో పెరిగిన ముళ్ళకంప. 1948 సెప్టెంబర్ 18న భారత సైన్యపు జనరల్ జె.ఎన్. చౌధురికి హైదరాబాద్ సైన్యాన్ని అప్పగించిన జనరల్ ఎల్ ఇద్రూస్, ముప్ఫై ఏళ్ళ కింద పాలస్తీనాలో హైదరాబాద్ లాన్సర్ల యువ అధికారి. షోలాపూర్ దారిన ట్యాంకులతో వచ్చిన రెజిమెంట్లలో ఒకటి పూనా హార్స్, 1914లో ఇక్కడి నుంచి గుర్రాల మీద బయల్దేరినదే. ఆసఫ్ జాహీల పాలనను పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగించిందంటారు. నేనైతే దానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టిందంటాను, 1914 నుంచి లెక్కవేసి.

ఈ చరిత్రలో సగం లండన్‌లో, ఢిల్లీలో భద్రంగా ఉంది. మిగతా సగం మన ఇళ్ళలో ఉంది: తాత డిశ్చార్జి కాగితాలు, ఉస్మానియా సిక్కా నోట్లు, లెవీ రసీదులు, ప్రాగా గేటు పాసులు, మిలిటరీ ట్రంకు పెట్టె అడుగున పడున్న గ్రూపు ఫొటోలు. చెదలు పట్టక ముందే వాటిని బయటికి తీయండి. రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలోనే ఉంది, ఈ సభా స్థలం నుంచి బస్సులో వెళ్ళిపోవచ్చు. అక్కడికి ఇవ్వడం ఇష్టం లేకపోతే కనీసం ఫొటో తీసి, వెనక ఎవరిదో, ఏ ఊరిదో రాసి ఉంచండి. పేరు తెలియని ఫొటో చరిత్రకు ఎందుకూ కొరగాదు.